సూర్యుడు మునిగే వైపు గది

పోయిన ఆదివారం మధ్యాహ్నం భోజనాలయ్యాక నేను వంటింట్లో గిన్నెలు సర్దుకుంటూ ఉంటే మా అమ్మాయి కూతురు ఫోను పట్టుకుని వచ్చి నా మొహం ముందు పెట్టింది. వాళ్ళు సికింద్రాబాదులోనే కార్ఖానా అనే బస్తీలో ఉంటారు. ఆ పిల్ల ఆర్కిటెక్చర్ చదువుతోంది, సెలవు రోజున పద్మారావు నగర్‌లో మా ఇంటికి వచ్చి, నా చేతి పచ్చిపులుసు తిని, సాయంత్రం దాకా ఫోను చూసుకుని వెళ్ళడం దాని ఆనవాయితీ. "అమ్మమ్మా, జెర ఇది చూడు, ఎంత క్రేజీగ ఉందో, మొత్తం కాంక్రీటే" అంది. అద్దాలు పెట్టుకుని చూశాను. సముద్రం ఒడ్డున ఒక పెద్ద మేడ, కిటికీలకు అద్దాల్లేవు, బాల్కనీల్లో చెట్లు మొలిచాయి, రంగురాళ్ళతో గోడ మీద అతికిన చేపల బొమ్మ సగం రాలిపోయింది. పాడుబడ్డ ఇలాంటి కట్టడాలను వెతుక్కుంటూ వెళ్ళి ఫొటోలు తీయడం ఇప్పుడొక సరదా అట, వీళ్ళ కాలేజీలో వాటి మీద వ్యాసం కూడా రాయమన్నారట. ఆ చేపలను చూడగానే గుర్తుపట్టాను. ఆ మేడలో నేను ఉండి వచ్చాను.

ఆ మాట అనగానే పిల్ల ఎగిరి గంతేసి నా చేతిలోని గిన్నె లాక్కుని కుర్చీలో కూర్చోబెట్టింది. నాకు మాత్రం ఏమీ అనిపించలేదు. మన వయసు వాళ్ళకు పాత ఫొటో ఏదైనా కంటబడితే గొంతుకు ఏదో అడ్డం పడాలని, కళ్ళు చెమ్మగిల్లాలని ఎదుటివాళ్ళు ఎదురుచూస్తారు, మీకూ అనుభవమే అయ్యుంటుంది, పాపం వాళ్ళ కోసమైనా కాస్త ముక్కు ఎగబీల్చాలనిపిస్తుంది. ఆ చోటు గురించి నాకు ఏదైనా అనిపించడం ఆగిపోయి చాలా ఏళ్ళయింది. ఎందుకు ఆగిపోయిందో పిల్లతో చెప్పలేదు, మా ఆయనతో అసలే చెప్పలేదు. ఇది రాస్తున్నప్పుడు కూడా ఆయన ముందుగదిలో పేపరు ఒళ్ళో పెట్టుకుని కునుకు తీస్తున్నారు.

నేను బన్సీలాల్‌పేట్‌లో పుట్టి పెరిగినదాన్ని. సముద్రమంటే నాకు భూగోళం పుస్తకంలో నీలం రంగు, అంతే. మా ఆయనది బందరు. రష్యావాళ్ళ సాయంతో మన ఊళ్ళో పెట్టిన మందుల ఫ్యాక్టరీలో నేను ల్యాబొరేటరీలోనూ ఆయన యంత్రాల విభాగంలోనూ చేరాం, క్యాంటీన్ చాయ్ దగ్గర మొదలైన పరిచయం పెద్దవాళ్ళ దాకా వెళ్ళి పెళ్ళి అయింది. మా అమ్మకు అల్లుడు నచ్చాడు గానీ ఊరు నచ్చలేదు. "సముద్రం ఒడ్డు పిలగాడు, నీళ్ళకు నిలకడ ఉండది, జెర చూస్కో బిడ్డా" అని అప్పగింతలప్పుడు చెవిలో అంది. నేను నవ్వాను. పెళ్ళయిన కొన్నాళ్ళకే ఫ్యాక్టరీవాళ్ళు మా ఇద్దరినీ శిక్షణకని ఆ దేశం పంపారు, దేశమంటే ఆ పేరుతో ఇప్పుడు ఏ దేశమూ లేదు లెండి.

అక్కడి పద్ధతుల్లో నాకు మొదట వింతగా తోచింది సెలవుల పద్ధతి. ఏడాదికోసారి పనివాళ్ళను సముద్రం ఒడ్డుకు పంపుతారు, రైలు టిక్కెట్టు, గది, తిండి అన్నీ యూనియనే చూసుకుంటుంది, కానీ ఆ పాసు మనిషికి ఇస్తారు తప్ప కుటుంబానికి ఇవ్వరు. భర్త ఒక విభాగం, భార్య ఒక విభాగం అయితే ఆయన ఒక నెలలో, ఆవిడ ఇంకో నెలలో. మొగుడూ పెళ్ళాలు కలిసి తీర్థానికి వెళ్ళడం తప్ప విడివిడిగా విలాసానికి వెళ్ళడం ఎరగని మనకు ఇది జీర్ణం కాదు, వాళ్ళకు మాత్రం మందు వేసుకున్నంత మామూలు. నాకు మొదటి ఏడాది ఎండాకాలంలో వంతు వచ్చింది. ఆయనకు మరుసటి ఏడాది శరదృతువులో వచ్చింది, అదే హోటలు.

ఆ హోటలు చూసి నేను నోరు తెరిచాను. మన సికింద్రాబాదులో అప్పటికి రెండంతస్తులు ఎక్కితే ఊరంతా కనిపించేది, అక్కడ లిఫ్టు దిగితే కాళ్ళ కింద సముద్రం. మెట్లకు కింద స్తంభం లేదు, గాలిలో వంపు తిరిగి పైకి పోయేవి. ముందు హాలుకు గోడల బదులు అద్దాలు. బయట గోడలకు రంగూ లేదు, నునుపూ లేదు, చెక్కల అచ్చు పడిన సిమెంటు అలాగే వదిలేశారు. దాని బొమ్మ ఉన్న పోస్టుకార్డు ఇంటికి పంపితే మా నాన్న బదులు రాస్తూ గోడలకు గిలాబు, అదే ప్లాస్టరింగు, ఎప్పుడు చేస్తారని అడిగారు. అందరికన్నా గర్వపడింది మాకు హోటలు తిప్పి చూపించిన ఆవిడ. ఇక్కడ పెద్ద గది, చిన్న గది అని లేదు, డైరెక్టరు వచ్చినా మగ్గం మీద పనిచేసే మనిషి వచ్చినా ఒకే మంచం, ఒకే ఎర్ర కుర్చీ, ఒకే బాల్కనీ, బాల్కనీ నుంచి ఒకే సముద్రం అంది. బాల్కనీలను మెట్లుమెట్లుగా జరిపి కట్టడం వల్ల ఏ గదికీ పక్క గది అడ్డు రాదు. మేడ వెనక మాత్రం రేకుల కంచె, దాని అవతల క్రేన్లు, ఇంకా ఏవో కడుతున్నారు, అటు ఎవరినీ పోనిచ్చేవారు కాదు.

ఆ వైభోగమంతా గంట కొట్టినట్టు నడిచేది. పొద్దున్నే మైకులో పాట, ఇసకలో వ్యాయామం, వంతుల వారీగా భోజనం, వరసలుగా పరిచిన చెక్క బల్లల మీద వేలమంది పడుకుని ఎండలో కాగడం, ఎవరు ఎంతసేపు కాగాలో కూడా డాక్టరే చెబుతాడు. ఊరందరిదీ ఒక దారి, ఉలిపికట్టెది ఒక దారి అన్నట్టు నేనొక్కదాన్నే నేత చీర కట్టుకుని గొడుగు వేసుకుని కూర్చునేదాన్ని. మనం ఎండకు భయపడి పరుగెత్తే జాతి, వాళ్ళు దాని కోసం రైలెక్కి వచ్చే జాతి. వచ్చిన రోజు, వెళ్ళే రోజు కాటా మీద నిలబెట్టి తూచేవారు. బరువు పెరిగిన వాళ్ళకు నర్సులు చప్పట్లు కొట్టేవారు, నేను తగ్గాను, నర్సు నన్ను చూసి ఎవరో పోయినట్టు తల ఆడించింది.

కానీ సాయంత్రాలు చెప్పాలి. భోజనాల గంటకు ముందు సూర్యుడు నేరుగా నా బాల్కనీకి ఎదురుగా వచ్చి సముద్రంలోకి దిగేవాడు. నీళ్ళ మీద దారి ఒకటి పరుచుకునేది, అది మెల్లగా సన్నబడి దారమయ్యేది. ఆఖరి ముక్క మునిగిపోగానే పైనా కిందా బాల్కనీల్లో నిలబడ్డ ఆడవాళ్ళు, ఎవరికెవరూ తెలియనివాళ్ళు, చప్పట్లు కొట్టేవారు. నేనూ కొట్టాను. తిరిగి వచ్చాక మా ఆయనకు ఆ ముచ్చట ఎన్నిసార్లు చెప్పానో లెక్కలేదు, రొట్టె కోస్తూ చెప్పాను, గుడ్డలు ఆరేస్తూ చెప్పాను, ఆయన ప్రతిసారీ మొదటిసారి వింటున్నట్టు విన్నారు.

మరుసటి ఏడాది ఆయన వంతు వచ్చి వెళ్ళారు. ఆయన వెళ్ళిన వారంలోనే ఫ్యాక్టరీలో మాకు దుబాసీగా ఉండే ఒకావిడ, వాళ్ళ మాటలు మాకు ఇంగ్లీషులో చెప్పే మనిషి, సెలవు పెట్టి కనిపించకుండా పోయింది. అమ్మ దగ్గరికి వెళ్ళిందన్నారు. చక్కటి మనిషి, మా ఆయన చెప్పే పిచ్చి జోకులకు కూడా నవ్వేది. ఆవిడ లేదని గమనించాను గానీ ఏమీ అనుకోలేదు. అనుమానం పెనుభూతమంటారు, అది పెనుభూతంగా రాదు, ముందు చీమలాగే వస్తుంది.

ఆయన తిరిగి వచ్చారు. బరువు పెరగలేదు. అక్కడికి వెళ్ళొచ్చిన వాళ్ళంతా ఎండకు కమిలి నల్లబడి వస్తారు, అదే వాళ్ళకు రుజువు. బందరు మనిషికి ఆ రుజువు పుట్టుకతోనే ఉంది. ఒడ్డున ఫొటోలు తీసేవాళ్ళు ఉంటారు కదా, ఒకటైనా దిగలేదా అంటే, నువ్వు లేకుండా ఒక్కణ్ణే ఏం దిగుతాను అన్నారు. గది ఎట్లా ఉందంటే నువ్వు చెప్పినట్టే ఉందన్నారు, కుర్చీ ఎర్రదేనా అంటే ఎర్రదే అన్నారు, అన్నీ నేను చెప్పినవే నాకు చెప్పారు. ఆయనగా చెప్పింది ఒక్కటే. రోజూ తెల్లవారుజామునే మెలకువ వచ్చేదట, బాల్కనీలోకి వస్తే సూర్యుడు సముద్రంలోంచి తడితడిగా లేచేవాడట, చిన్నప్పుడు బందరులో నాన్నతో చూసినట్టే ఉండేదట.

"ఏందండీ గట్లంటరు? నేను చూసిన కద, సూర్యుడు సముద్రంల మునుగుతడు" అన్నాను. ఆయన కాసేపు నన్ను చూసి, ఏమో మరి, నాకైతే లేచాడు అన్నారు.  మర్నాడు ఫ్యాక్టరీ లైబ్రరీలో అట్లాసు తెరిచాను. ఆ తీరానికి సముద్రం పడమట ఉంది, తూర్పున కొండలు. పడమటి సముద్రంలోంచి సూర్యుడు లేవడం ఎక్కడా జరగదు. తూర్పు తీరం మనిషికి మాత్రం, అది బందరు కానీ కాకినాడ కానీ, సముద్రమంటే పొద్దు పొడిచే వైపే. వెళ్ళని సముద్రం గురించి కల్పించి చెప్పాల్సి వస్తే వాళ్ళ నోటి నుంచి వచ్చే మొదటి అబద్ధం సూర్యోదయమే అయి ఉంటుంది. నాకు అంతా కళ్ళకు కట్టింది. ఆయన అక్కడికి వెళ్ళలేదు. దుబాసీ ఆవిడ అమ్మగారి ఊరు ఎక్కడో నేను ఎవరినీ అడగలేదు.

మామూలుగా అయితే ఇలాంటి అబద్ధం ఎక్కడో ఒకచోట దొరికిపోతుంది, గదిలో కిటికీ ఎటు ఉంది, పక్క గదిలో ఎవరున్నారు అని అడిగితే తడబడతారు. కానీ ఆ మేడ కట్టినవాళ్ళు అందరికీ ఒకే తీరు గది ఇచ్చారు; ఉన్నవాడు చెప్పినా విన్నవాడు చెప్పినా అక్షరం తేడా రాదు. సమానత్వానికి ఇట్లాంటి తంటా కూడా ఉంటుందని వాళ్ళు అనుకుని ఉండరు.

ఎందుకు అడగలేదంటారా. మా కాలం ఆడవాళ్ళు ఎందుకు అడగరో మీకు చెప్పాలా? మొదట జవాబుకు భయపడి అడగలేదు. పరాయి దేశంలో ఎవరి దగ్గరికి పోతానని అడగలేదు. ఇంటికి వచ్చాక కడుపుతో ఉన్నాను, అప్పుడు అడగలేదు. తరవాత అడగాల్సినంత నొప్పి లేకపోయింది. మొద్దుబారిపోవడమంటే కోపం రాకపోవడం మాత్రమే అనుకునేదాన్ని, సంతోషం కూడా రాదని తరవాత తెలిసింది. ఆయనకు జ్వరం వస్తే కషాయం కాచాను, ప్రమోషన్ వస్తే పాయసం చేశాను, అన్నీ చేతులు చేశాయి. బందరు వెళ్దాం, నీకు మా సముద్రం చూపిస్తానని ఆయన ఎన్నో వేసవులు అడిగారు. ఎండ పడదన్నాను, పిల్లకు పరీక్షలన్నాను. ఒకసారి మాత్రం, నా మీద ఏమన్నా కోపమా అన్నారు. ఏం లేదన్నాను. నిజంగానే ఏం లేదు.

మా అమ్మాయి పెళ్ళిలో చుట్టాల మధ్య కూర్చుని ఆయన ఆ హోటలు కథ చెప్పారు. అందులో సూర్యుడు సముద్రంలో మునిగాడు. పళ్ళెం పట్టుకుని అటుగా పోతున్నదాన్ని ఆగి విన్నాను. ఓహో, ఇన్నాళ్ళకు దిద్దుకున్నారన్న మాట అనుకుని ముందుకు నడిచాను. అనుమానానికి మిగిలిన ఆఖరి ముడి కూడా ఆ రోజు పడింది, నాకు కష్టంగా కూడా అనిపించలేదు, వడ్డనలో అప్పడాలు తక్కువయ్యాయని అటు పోయాను.

ఇక మళ్ళీ ఆదివారానికి వస్తాను. పిల్ల నన్ను కుర్చీలో కూర్చోబెట్టి, ఆగు అమ్మమ్మా, డ్రోన్ వీడియో సుత ఉంది, పైనుంచి తీసింది అని ఫోను తిప్పింది. పక్షి చూసినట్టు పైనుంచి కనిపించింది. అది నేలలోంచి సముద్రంలోకి పొడుచుకు వచ్చిన ఒక మొన. ఆ మొన చివర మేడ, సీలింగు ఫ్యానులా మూడు రెక్కలతో. ఒక రెక్క పడమర నీళ్ళ వైపు. చేపల బొమ్మ దాని మీద ఉంది, అది నాది. మిగిలిన రెండూ నేను వెళ్ళినప్పుడు లేవు, రేకుల కంచె వెనక క్రేన్లు కడుతున్నవి అవే. వాటిలో ఒకటి తూర్పుకు తిరిగి ఉంది, దాని ముందు అఖాతం, కొండలు ఒక పక్కకు తప్పుకుని కనుచూపు మేర నీళ్ళు. ప్రతి గదికీ సముద్రం కనిపించాలని అట్లా కట్టారు, జీనియస్ కద అంది పిల్ల. ఆ వీడియో తీసినవాడు తెల్లవారగానే తీశాడేమో, ఆ తూర్పు రెక్క బాల్కనీలన్నీ ఎర్రగా ఉన్నాయి, సూర్యుడు అప్పుడే నీళ్ళలోంచి పైకి వచ్చాడు.

అక్కడ ఉండి చూడనివాడికి ఆ మాట తెలిసే దారి లేదు. అట్లాసుకే తెలియదు. ఆయన వెళ్ళారు, ఆ రెక్కలో ఉన్నారు, చూసింది చూసినట్టు చెప్పారు. ఫొటో దిగకపోవడానికి చెప్పిన కారణం కూడా అయితే నిజమే అయి ఉండాలి.

ముందుగదిలోకి వెళ్ళాను. ఆయన లేచి కళ్ళద్దాలు తుడుచుకుంటున్నారు. ఆ హోటల్లో మీ గది పొద్దు పొడిచే వైపే కదా అని అడిగాను.

"పొద్దు పొడవడమేంటోయ్? సముద్రంలో మునిగేవాడు కదా సూర్యుడు" అన్నారు. "మొదట్లో నాకూ ఎందుకో లేచినట్టే గుర్తుండేది. నువ్వు కాదన్నావు. నువ్వు ల్యాబొరేటరీ మనిషివి, చూడంది చెప్పవు. బందరు వాణ్ణి, సముద్రం అనగానే పొద్దు పొడుస్తుందనుకుని ఉంటాన్లే అని సర్దుకున్నాను."

"గట్ల కాదండీ, మీరు చూసిందే నిజం. ఇగో చూడుండ్రి" అని ఫోను చూపించాను. ఆయన దగ్గరగా పెట్టుకుని చూశారు, దూరంగా పెట్టుకుని చూశారు, తిరిగి ఇచ్చేశారు. ఎవడో ఇంకో హోటలుది పెట్టి ఉంటాడు, ఇలాంటివి వాళ్ళు బోలెడు కట్టారు, అన్నీ ఒకటే తీరు అన్నారు. కాస్త టీ పెడతావా అన్నారు.

టీ పెట్టాను. స్టవ్ దగ్గర నిలబడి ఏడుపు వస్తుందేమోనని చూశాను, రాలేదు. పోనీ తేలికపడ్డానా అంటే అదీ లేదు. ఎంతో కాలం ఒక కాలు మీద కూర్చున్న మనిషికి కాలు ఉందనే సంగతి తెలియనట్టు ఉంది. నా కళ్ళను నేను నమ్మాను, ఆయన కూడా నా కళ్ళనే నమ్మారు, ఆయన కళ్ళను నమ్మినవాళ్ళు మా ఇంట్లో ఎవరూ లేకపోయారు. ఇప్పటి పిల్లలు కాఫీ తాగినా ఫొటో తీసి పంపుకుంటారు, ఎవరు ఎక్కడ ఉన్నారో ఫోనే చెబుతుంది, వాళ్ళను చూసి మనం విసుక్కుంటాం. మన రోజుల్లో మనిషి వెళ్ళి చూసి వచ్చి చెబితే ఆ చెప్పిందే ఆ ఊరు, ఆ సముద్రం. వినేవాళ్ళు నమ్మితే ఉన్నట్టు, నమ్మకపోతే లేనట్టు. ఆ హోటలు కట్టినవాళ్ళు పోయారు, అందరికీ ఒకే సముద్రమన్న మాట పోయింది, కిటికీల్లో గాలి మాత్రం ఆడుతోంది, దాన్ని పిల్లలు అందమంటున్నారు, అనుకోనివ్వండి.

సాయంత్రం పిల్ల వెళ్ళబోతూ వ్యాసంలో రాసుకుంటానని తాతను అడిగింది, అక్కడ నీకు బాగా గుర్తున్నది ఏంటి తాతా అని. ఆయన కుర్చీలో ముందుకు జరిగి మొదలుపెట్టారు. సూర్యుడు బాల్కనీకి ఎదురుగా వచ్చి దిగేవాడని, నీళ్ళ మీద దారి సన్నబడి దారమయ్యేదని, ఆఖరి ముక్క మునగగానే పైనా కిందా ఆడవాళ్ళు చప్పట్లు కొట్టేవారని, నేను రొట్టె కోస్తూ చెప్పిన మాటలన్నీ ఒక్కటి పొల్లు పోకుండా చెప్పారు. పిల్ల ఫోనులో రికార్డు చేసుకుంది. నేను గుమ్మం దగ్గర నిలబడి విన్నాను. అది నా సాయంత్రం. తెల్లవారుజామున లేచి ఒక్కరే బాల్కనీలోకి వచ్చి ఏం చూశారో, నాన్న గుర్తొచ్చి ఏమనుకున్నారో, ఇప్పుడు అడుగుదామంటే అది ఆయనకే గుర్తు లేదు.